పాట అందుకునేవాళ్లు

అమ్మమ్మలకు, నానమ్మలకు, అక్కచెల్లెళ్లకు, టీచర్లకు, వెనకాల నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. ‘పెద్దల నుంచి పిల్లలకు మన సంస్కృతి’ అని ఈ మీటింగుకు పేరు పెట్టారు. పేరు చాలా పెద్దది. నేను దాన్ని మన వాడకట్టు దాకా కుదించి బతుకమ్మ గురించే మాట్లాడతాను. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య దగ్గరికొచ్చింది, గునుగు పూసింది. ఇప్పుడు ఇంకో సంగతి ఎత్తినా మీరు వినరు.

పిల్లలకు మంచీ చెడూ నేర్పాలంటే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలని మనలో చాలామంది అనుకుంటారు. బతుకమ్మ పేర్చే ఇంట్లో అంత తీరిక ఎవరికీ ఉండదు. పని చెప్తారు, అంతే. తంగేడు కొమ్మ విరవకుండా పూగుత్తి వరకే తెంపుకురమ్మంటారు. గునుగు కాడలు ఒక్క పొడవున కోసి, కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచమంటారు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేటట్టు వరుస మీద వరుస పేర్చుకుంటూ పోవాలి. చిన్నపిల్ల చేతికి బంతిపూలిస్తే చుట్టూరా ముద్దుగా పెడుతుంది, నడుమ మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. అప్పుడు నానమ్మ, “నడుమ నింపు బిడ్డా, లేకుంటే చెరువు దాకా రాదు” అంటుంది. తుంచిన ఆకులు, మిగిలిన కాడముక్కలు తెచ్చి తనే లోపల కూరి చూపిస్తుంది. మరుసటి ఏడు ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాట సంగతీ అంతే. ఎత్తుకునేది ఒకరు, అందుకునేది అందరూ. ఐదేళ్ల పిల్లకు పాటంతా రానక్కర్లేదు, ‘ఉయ్యాలో’ అనడం వస్తే చాలు, అమ్మ పక్కన చోటు దొరుకుతుంది. ఏడాదికేడాది అలా అందుకుంటూ ఉంటే చరణాలు వాటంతటవే నోటికొస్తాయి. మన పద్మశాలీలు షోలాపూర్‌కు, భివండీకి మగ్గాల పని మీద వెళ్లి తరాలుగా అక్కడే ఉండిపోయారు. అక్కడ మరాఠీ బడుల్లో చదివి తెలుగు అక్షరాలు రాని ఆడపిల్లలున్నారు. అయినా బతుకమ్మ ఆడతారు, పాట అందుకుంటారు. పుస్తకం చూసి నేర్చుకున్నదైతే ఎప్పుడో పోయేది.

ఆ పాటల్లో దేవతలే కాదు, మన ఇళ్లు కూడా ఉన్నాయి. చెల్లెను పుట్టింటికి తీసుకుపోదామని అన్న వస్తే, అత్తనడుగు, మామనడుగు, బావనడుగు అంటూ ఇల్లంతా తిప్పుతారు చూడండి, ఆ పాట అందుకుంటూ పదేళ్ల పిల్ల “ఎందుకట్ల? ఆమె ఊరికి ఆమె పోతే ఏమైతది?” అని అడుగుతుంది. “అప్పట్ల అంతే” అని దాటేయకండి. పెళ్లయిన కొత్తలో మీరు ఎన్నాళ్లకు పుట్టింటి ముఖం చూశారో, ఎవరిని బతిమాలుకున్నారో చెప్పండి. ఆ పిల్ల దాన్ని మరిచిపోదు.

2014లో తెలంగాణ వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. సంతోషమే. వెంటనే స్టేజీలు, లైట్లు, డీజేలు కూడా వచ్చాయి. డీజేలో ఎత్తుకునేదీ అదే, అందుకునేదీ అదే. పిల్లలకు కాళ్లు కదపడమే మిగిలింది. డీజే అంటే నాకు పగ లేదు, మా ఇంటి పెళ్లిళ్లలోనూ పెట్టించాం. వందల చరణాలు నోటికొచ్చిన పెద్దమ్మ ఆ సౌండుకు నోరు మూసుకుని కుర్చీలో కూర్చుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

పెద్దలకు ఇంకో మాట, కొంచెం చేదుగానే ఉంటుంది. మన దగ్గరున్నవన్నీ పిల్లలకు అందించాల్సినవి కావు. పసుపు కుంకుమ పంచేటప్పుడు భర్త పోయిన ఆడబిడ్డను పక్కకు జరిపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కులాన్ని బట్టి వేరువేరుగా ఆడే చోట్లూ ఉన్నాయి. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ఎవరి చేతిలో ముందు పెట్టారో, ఎవరిని దాటేసి పోయారో పిల్లలకు బాగా తెలుసు. వద్దనుకున్నది కూడా మన నుంచే నేర్చుకుంటారు. అందుకే దాన్ని మనమే వాళ్ల కళ్లముందు మానేయాలి.

ఇక పనిలోకి వద్దాం. ఈసారి ఆఖరి రోజు, సద్దుల రోజు, మొదటి గంట డీజే బంద్ పెడదాం. పాట ఎత్తుకోవడం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వదిలేద్దాం. అందుకోవడం పెద్దల వంతు. నడుమ చరణం మరిచిపోతే ఎవరూ లాక్కోవద్దు. చప్పట్లు కొడుతూ కాసేపు ఆగండి, గుర్తొస్తే సరి, రాకుంటే మొదటి చరణమే మళ్లీ ఎత్తుకుంటుంది. కొంపేం మునగదు.

తమ్ముళ్లూ, పూలు తెచ్చేది ఎక్కువగా మీరే. ఈసారి బండి మీద ఒక్కరే పోయి మూట కట్టుకు రాకండి, పిల్లలను వెంటేసుకుపోండి. ప్లాట్లు పడ్డాక ఏ గట్టు మీద తంగేడు మిగిలిందో, ఎవరి చెలకలో గునుగు ఉందో వాళ్లకూ చూపించండి. చెలక ఎవరిదైతే వాళ్లను అడిగే కోయండి. ఎండెక్కితే తంగేడు వాడిపోతుంది, పొద్దున్నే బయల్దేరండి.