అడవి చూడని ప్రయాణం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం చిన్నపిల్లల్ని తయారుచేసి ఈ హాలు దాకా తీసుకురావడమే ఒక ప్రయాణం, ఆ సంగతి నాకు తెలుసు. వెనక వరుసలో పాపను భుజాన వేసుకుని నిలబడి వింటున్న ఆ తండ్రికి ముందుగా నా నమస్కారం. పిల్లలు ఏడ్చినా, అటూ ఇటూ పరుగెత్తినా ఎవరూ ఇబ్బంది పడకండి. నేను ఆగి మాట్లాడతాను.

పిల్లలు పుట్టాక కుటుంబంతో బయటికి వెళ్లడం ఎలా మారిపోతుందో చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను, ఇద్దరు పిల్లల తండ్రిని. అందుకే ఒకే దారిలో మేం మూడుసార్లు చేసిన ప్రయాణం గురించి చెబుతాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలం.

మొదటిసారి 2016 డిసెంబరులో. అప్పటికి మా పెళ్లయి ఎనిమిది నెలలు. బైకు మీద వెళ్లాం. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కదా, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు తీసే వేళకు అక్కడుండాలని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. గేటు తీయగానే ఇంకా మంచు విడవని అడవిలోకి వెళ్లాం. దర్శనం, పాతాళగంగ, మర్నాడు ఇల్లు. సామానంతా ఒక్క సంచి. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు.

రెండోసారి 2021 ఫిబ్రవరిలో. పాపకు ఇరవై నెలలు. ఈసారి కారు. ఐదింటికి బయల్దేరాలనుకుంటే ఇల్లు కదిలేసరికి ఎనిమిదిన్నర అయింది. పాప ఐదుంపావుకు లేచింది, పాలు తాగింది, అన్నీ అయ్యాయనుకుని తాళం వేస్తుంటే మళ్లీ నిద్రపోయింది. లేపుదామన్నాను. మా ఆవిడ వద్దంది. ఆమె మాటే నిజం. నిద్ర చాలని పిల్లతో వెళ్తే ఆ రోజంతా అందరికీ టెన్షనే.

డిండి ప్రాజెక్టు దగ్గర ఆపాం. పది నిమిషాలు చాలనుకున్నాం. పాప ఒక ఖాళీ వాటర్ బాటిల్లో గులకరాళ్లు వేయడం మొదలుపెట్టింది. ఒక్కోటీ వేస్తుంది, ఊపుతుంది, చప్పుడు వింటుంది. నిండాక అన్నీ గుమ్మరించి మళ్లీ మొదటి నుంచి. నలభై నిమిషాలు గడిచాయి. ఎదురుగా అన్ని నీళ్లుంటే ఈ రాళ్లేమిటని విసుక్కుంటూ నేను వాచీ చూసుకున్నాను. అప్పటికి రెండు గంటలకు పైగా పాప కార్లో కదలకుండా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల గురించి ఇచ్చిన సూచనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: వాళ్లను ఒకేసారి గంటకు మించి కదలనివ్వకుండా కూర్చోబెట్టకూడదు. అది నేను చాలా తర్వాత చదివాను. డిండి దగ్గర పాపకు కావలసింది నీళ్లు చూడటం కాదు, కాళ్లూ చేతులూ ఆడించడం. అప్పటి నుంచి మా ప్రయాణానికి లెక్క కిలోమీటర్లు కావు. గంటకోసారి ఎక్కడ ఆగవచ్చో, అక్కడ నీడ ఉంటుందో లేదో చూసుకుంటాం.

దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో పాప వాంతి చేసుకుంది. కారు పక్కకు తీసి ఆపాను. బట్టలెక్కడ, తువ్వాలెక్కడ, నీళ్లెక్కడ అని ఒకదాని తర్వాత ఒకటి అడిగాను. సంచి నా చేతిలోనే ఉంది. ఏ జేబులో ఏముందో నాకు తెలియదు. ఒళ్లంతా తడిసిపోయి, ఏడుస్తున్న పాపను పట్టుకుని మా ఆవిడ ఒక్కోటీ చెబుతుంటే నేను తీసిచ్చాను. సాయం చేస్తున్నానని మనసులో అనుకున్నాను కూడా.

ఆ రాత్రి గదిలో పాప పడుకున్నాక, "అడవి ఎంత బాగుందో కదా, మన బైకు ప్రయాణం గుర్తొచ్చింది" అన్నాను. "నేను చూళ్లేదండీ" అంది మా ఆవిడ.

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పింది. వెనక సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని, ఆకలేస్తోందా, ఎండ పడుతోందా, మళ్లీ వాంతి వస్తుందా అని పాప ముఖమే చూస్తూ కూర్చుంది. అటు నల్లమల, ఇటు నల్లమల, మధ్యలో తను ఒక్క చెట్టు కూడా చూడలేదు. నాకు నిద్ర పట్టలేదు.

మిత్రులారా, ఈ రోజు నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే. పిల్లలు పుట్టాక షికార్లు తగ్గాయని అందరం అనుకుంటాం. తండ్రికి తగ్గాయి, నిజమే. చాలా ఇళ్లలో తల్లికి మాత్రం పూర్తిగా ఆగిపోయాయి. ఇంట్లో చేసే పనే ఆమె ఇంకో ఊళ్లో చేసి వస్తోంది, అది కూడా తన వంటిల్లు, తన మంచం అందుబాటులో లేకుండా.

మా చిన్నప్పుడు తిరుపతి వెళ్లామంటే పన్నెండు, పదిహేను మంది వెళ్లేవాళ్లం. పులిహోర మూట అమ్మమ్మ దగ్గర, పసిపిల్ల మేనత్త దగ్గర, సోడాల కోసం ఏడ్చే పిల్లలు మావయ్య దగ్గర. మా అమ్మ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూసిన దృశ్యం నాకు గుర్తుంది. ఇప్పుడు అందరి చేతుల్లోని పనీ ఒక్కరి మీద పడింది. ఆ పదిహేను మందిని మళ్లీ తేలేం. రెండో మనిషి అయితే కార్లోనే ఉన్నాడు.

అందుకని నేను సంచి సర్దడం నేర్చుకున్నాను. సర్దినవాడికే వస్తువు ఎక్కడుందో తెలుస్తుంది. రెండు జతల బట్టలు విడివిడి కవర్లలో, మూడో కవరు తడి బట్టలకు ఖాళీగా. ఫ్లాస్కులో వేడినీళ్లు. పెరుగన్నం, అరటిపళ్లు, మరమరాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అవి దొరకనిచోట లీటరు కాచిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఇది నోటికొచ్చేదాకా నేర్చుకోండి.

ఇంకో సంగతి కొంచెం గట్టిగా చెబుతాను. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అంత దూరం వెళ్లడం మా తప్పు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం కార్లో 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో ఉండి తీరాలి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. బైకు మీదైతే నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుతో కట్టుకోవాలి, హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధనలు 2022లో వచ్చాయి. పెట్రోలు ట్యాంకు మీద పాపను కూర్చోబెట్టుకుని ఊరేగించడం ముద్దుగా అనిపిస్తుంది. దయచేసి మానేయండి. మేం పిల్లల సీటు కొన్నాక పాప నెల రోజులు గొడవ చేసింది, తర్వాత అలవాటైంది. పైగా మా ఆవిడ ఒడి ఖాళీ అయింది. కిటికీ బయటికి చూడటం మొదలుపెట్టింది.

అన్నీ ఇంట్లోవాళ్లే చూసుకుంటే సరిపోదు. ఒకసారి హైవే పక్క హోటల్లో బాబుకు పాలివ్వడానికి కాస్త చాటు అడిగితే బాత్రూము చూపించారు. మనం అక్కడ కూర్చుని అన్నం తింటామా? అదే తిరుమలలో చూడండి, ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దర్శనం దారి ఉంది, క్యూ కాంప్లెక్సుల్లో పిల్లలకు పాలు ఇస్తారు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్లో కూర్చున్న తల్లికి ఆ గ్లాసెడు పాల విలువ తెలుసు. రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, పూర్తి చార్జీ కడితే తప్ప బెర్తూ లేదు. ఆ ఇరుకు బెర్తు మీద బిడ్డను గోడవైపు పెట్టుకుని తల్లి అంచున పడుకుంటుంది. 2022లో లక్నో మెయిల్లో పసిపిల్లల బెర్తును ప్రయోగంగా పెట్టారు. అలాంటివి అన్ని రైళ్లలో కావాలని అడగాలి. అందుకు తల్లులే ఎందుకు, తండ్రులు అడగండి.

మూడోసారి మొన్న డిసెంబరులో వెళ్లాం. పాపకు ఇప్పుడు ఆరో ఏడు నిండింది, బాబుకు రెండేళ్లు. ఇంట్లో తొమ్మిదింటికి బయల్దేరాం, డిండి దగ్గర ముప్పావుగంట ఆగాం, గులకరాళ్లు ఎలా వేయాలో అక్క తమ్ముడికి నేర్పింది. మన్ననూరు నుంచి కారు మా ఆవిడ నడిపింది. నేను వెనక పిల్లలిద్దరి మధ్య కూర్చున్నాను. వటవర్లపల్లి దాటాక ఉన్నట్టుండి ఆమె గొంతు పెంచి, "ఇందాక రోడ్డు దాటిన జింకను చూశారా, ఎంత పెద్ద కొమ్ములో!" అంది.

బాబు చేతికంటిన అరటిపండు తుడుస్తున్నాను.

"నేను చూళ్లేదు, ఎలా ఉందో చెప్పు" అన్నాను. శ్రీశైలం చేరేదాకా చెబుతూనే ఉంది.