వర్క్‌బుక్ ఒక్కటీ సరిపోతుందా? ఏఐఎఫ్ మేనేజర్ పరీక్ష మీద నెల్లూరు నుంచి నా రివ్యూ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ స్పైరల్ బైండింగ్ పుస్తకం చూస్తున్నారు కదా. ఎన్‌ఐఎస్‌ఎం (మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన శిక్షణ, పరీక్షల సంస్థ) వాళ్ల సిరీస్ 19-సి వర్క్‌బుక్ ఇది. ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ మేనేజర్ల పరీక్షకు ఇదే మూలం. ఏఐఎఫ్ అని పిలిచేది వీటినే, కొద్దిమంది పెద్ద ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు పోగుచేసి పెట్టుబడి పెట్టే ఫండ్‌లు. పీడీఎఫ్‌ను ట్రంక్ రోడ్డులో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి బైండింగ్ చేయించాను. మధ్యలో ఈ పేజీలు చూడండి, తడిసి ఉబ్బిపోయాయి. ఎందుకు తడిశాయో కాసేపట్లో చెబుతాను. ఈ రివ్యూలో అసలు విషయం ఆ పేజీల్లోనే ఉంది.

నేను నెల్లూరులో ఒక ఆడిట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఈ పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి పోయింది, రెండోసారి పాసయ్యాను. రెండుసార్లూ చదివింది ఇదే పుస్తకం. చదివిన పద్ధతి మాత్రం వేరు.

ముందు ఈ పరీక్ష ఎవరికో చెప్పేస్తాను. మన దేశంలో ఏఐఎఫ్‌లు నడిచేది 2012లో సెబీ తెచ్చిన నిబంధనల ప్రకారం. ఫండ్ మేనేజర్ టీమ్‌లో ముఖ్యమైన వాళ్లలో కనీసం ఒకరికి ఈ సర్టిఫికెట్ ఉండాలని 2024 మేలో నోటిఫికేషన్ వచ్చింది. అప్పటి నుంచి దీనికి గిరాకీ పెరిగింది. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఫండ్ మేనేజర్ అయిపోరు. టీమ్‌లో ఫైనాన్స్, అకౌంటెన్సీ లాంటి ప్రొఫెషనల్ అర్హత ఉన్నవాళ్లు కూడా ఉండాలి. ఫండ్‌లు అమ్మే డిస్ట్రిబ్యూటర్లకు వేరే పరీక్షలు ఉన్నాయి, 19-ఎ, 19-బి అని. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఆ చివరి అక్షరం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

పాస్ అవ్వాలంటే 60 శాతం రావాలి. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో 25 శాతం కోత. ఈ కోత అంటే చాలామందికి టెన్షన్. లెక్క వేసి చూస్తే అంత భయపడాల్సింది లేదు. ఒక్కో మార్కు ప్రశ్నలు 12 మీకు అస్సలు తెలియవు అనుకోండి. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. 3 మార్కులు వచ్చి రెండుంపావు పోతాయి. మిగిలేది ముప్పావు మార్కు, అంటే వచ్చినా రాకపోయినా ఒకటే. అదే ప్రతి ప్రశ్నలో రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేల్చగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. 6 వచ్చి ఒకటిన్నర పోతుంది, నాలుగున్నర మిగులుతాయి. అందుకే రెండు కొట్టేయగలిగితే పెట్టండి, లేకపోతే వదిలేయండి. మొదటిసారి నేను ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు, అన్నీ పెట్టేశాను.

మొదటిసారి ఇంకో తప్పు కూడా చేశాను. డబ్బు కట్టి ఒక ప్రశ్నల బ్యాంకు కొన్నాను. పేరు చెప్పను. వందల ప్రశ్నలు బట్టీ పట్టాను. ఫండ్ టీమ్‌లో ఒకరికి కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలి అన్నది అందులో సరైన జవాబు. అది పాత నియమం. ఆ అనుభవం షరతు తీసేసి, దాని స్థానంలోనే ఈ సర్టిఫికెట్ పెట్టారు. అంటే నేను ఏ నియమం వల్ల ఈ పరీక్ష రాస్తున్నానో, ఆ నియమమే నా దగ్గరున్న ప్రశ్నల బ్యాంకులో లేదు! ఈ సబ్జెక్టులో నిబంధనలు తరచూ మారతాయి. ఆదాయపు పన్ను చట్టం సంగతే చూడండి, 1961 చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత సెక్షన్ నంబర్లతో ఎవరైనా నోట్సు ఇస్తే ముందు తేదీ చూడండి. వర్క్‌బుక్ కూడా ఎప్పటి ఎడిషనో చూసుకున్నాకే ప్రింట్ తీయించండి. మాక్ టెస్టులు వద్దనను. టైమ్ చూసుకుని రాయడం అలవాటు కావడానికి పనికొస్తాయి. కొత్త విషయం నేర్చుకోవడానికి మాత్రం వాటిని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఈ తడిసిన పేజీల సంగతి. ఇవి వాటర్‌ఫాల్ పేజీలు. ఫండ్‌కు వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తరవాత, ఎంతెంత పోతుందో చెప్పే భాగం. హర్డిల్ (ఇన్వెస్టర్లకు ముందు దక్కాల్సిన కనీస రాబడి), క్యాచప్, క్యారీ (లాభంలో మేనేజర్ వాటా), క్లాబ్యాక్, అన్నీ ఇక్కడే. మొదటిసారి ఈ మాటల అర్థాలన్నీ బట్టీ పట్టాను. పరీక్షలో ఒక పేరా ఇచ్చి, అంకెలు ఇచ్చి, మేనేజర్‌కు ఎంత వస్తుందని అడిగితే చెయ్యి కదల్లేదు.

రెండోసారి చదివేటప్పుడు ఒక ఆదివారం మైపాడు రోడ్డులో మా మామయ్య వాళ్ల రొయ్యల చెరువుకు వెళ్లాను. గట్టు మీద షెడ్డులో కూర్చుని చదువుతుంటే వాన పడింది, రేకు సందులోంచి కారి ఈ పేజీలు తడిశాయి. మామయ్య వాటిని ఏరేటర్ల స్టార్టర్ బాక్సు మీద ఆరబెడుతూ, ఇందులో ఏముందమ్మా అని అడిగాడు. డబ్బు పెట్టేవాళ్లు ఒకరు, పని చేసేవాళ్లు ఒకరు, లాభం పంచుకోవడం గురించి అని చెప్పాను. "ఇందులో చదవడానికేముంది? ముందు పెట్టుబడి తియ్యాలి, తరవాత దానికి వడ్డీ తియ్యాలి, మిగిలిందే కదా వాటాలు" అన్నాడు. చెరువు చూసుకునేది ఆయన, సీడుకూ మేతకూ డబ్బు పెట్టింది ఇద్దరు పార్టనర్లు. ఆయన చిట్టా పుస్తకంలో లెక్క సరిగ్గా అలాగే ఉంది. వాటర్‌ఫాల్ అంటే అదే.

కాగితం తీసుకుని నాతోపాటు వేయండి. ఇన్వెస్టర్లు కోటి రూపాయలు పెట్టారు. రెండేళ్లకు కోటిన్నర వచ్చింది. హర్డిల్ ఏడాదికి 10 శాతం, చక్రవడ్డీ. మేనేజర్ వాటా 20 శాతం. మొదటి మెట్టు, కోటి రూపాయల అసలు ఇన్వెస్టర్లకు పోతుంది. మిగిలింది 50 లక్షలు. రెండో మెట్టు, హర్డిల్. కోటికి రెండేళ్ల చక్రవడ్డీ 21 లక్షలు, అదీ ఇన్వెస్టర్లకే. మిగిలింది 29 లక్షలు. మూడో మెట్టు క్యాచప్. ఇప్పటిదాకా లాభంలో మేనేజర్‌కు ఒక్క రూపాయి రాలేదు. ఆయన వాటా మొత్తం లాభంలో 20 శాతానికి చేరేదాకా ఇప్పుడు డబ్బంతా ఆయనకే. 21 లక్షలు 80 శాతం అయితే 20 శాతం ఎంత? ఐదుంపావు లక్షలు. అది ఇచ్చాక మిగిలింది 23 లక్షల 75 వేలు. నాలుగో మెట్టులో దాన్ని 80, 20 చొప్పున పంచితే ఇన్వెస్టర్లకు 19 లక్షలు, మేనేజర్‌కు 4 లక్షల 75 వేలు. మేనేజర్‌కు మొత్తం 10 లక్షలు, అంటే 50 లక్షల లాభంలో సరిగ్గా 20 శాతం. లెక్క కుదిరిందంటే మీరు సరిగ్గా వేసినట్టే.

ఇప్పుడు క్యాచప్ తీసేసి చూడండి. 29 లక్షల్లో 20 శాతం అంటే మేనేజర్‌కు 5 లక్షల 80 వేలే. ఒక్క మాట ఉండటానికీ లేకపోవడానికీ తేడా 4 లక్షల 20 వేలు. ఒప్పందంలో ఆ ఒక్క మాట కోసం ఎందుకంత పట్టు పడతారో నాకు ఆ రోజు అర్థమైంది.

హర్డిల్ రేటు గురించి చిన్న మాట. మన ఊళ్లలో నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఫండ్‌లలో హర్డిల్ సాధారణంగా 8 నుంచి 10 శాతం మధ్య, అంటే ముప్పావలా వడ్డీకి అటూఇటూ. ఇలా మన లెక్కలోకి మార్చుకుంటే అంకె ఎక్కువో తక్కువో చూడగానే తెలుస్తుంది.

క్లాబ్యాక్ కూడా చెరువు మీదే అర్థమవుతుంది. రెండు చెరువులు వేశారు. మొదటి చెరువు పట్టుబడి బాగా వచ్చింది, లాభంలో మేనేజర్ తన వాటా తీసేసుకున్నాడు. తరవాత రెండో చెరువుకు తెల్లమచ్చల వ్యాధి వచ్చి అంతా పోయింది. రెండూ కలిపి చూస్తే లాభమే లేదు, మేనేజర్ మాత్రం డబ్బు తీసుకుని ఉన్నాడు. ఆ తీసుకున్నది వెనక్కి ఇవ్వాలనే షరతే క్లాబ్యాక్. ఏ చెరువు లెక్క ఆ చెరువుకు తేల్చుకోవడం అమెరికన్ పద్ధతి. అన్ని చెరువుల పెట్టుబడీ, హర్డిలూ తిరిగొచ్చాకే మేనేజర్ వాటా ముట్టుకోవడం యూరోపియన్ పద్ధతి. క్లాబ్యాక్ అవసరం ఎక్కువగా వచ్చేది అమెరికన్ పద్ధతిలో. ఎందుకు అని అడిగితే ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక నిబంధనల భాగం. అంకెలు ఎక్కువ, ఒకదాన్ని ఇంకోదానిగా పొరబడతాం. ఏఐఎఫ్‌లో మామూలు ఇన్వెస్టర్ పెట్టాల్సిన కనీస మొత్తం కోటి. మేనేజర్ సంస్థ ఉద్యోగులైతే 25 లక్షలు. ఒక స్కీమ్‌లో 1,000 మందికి మించి ఇన్వెస్టర్లు ఉండకూడదు. ఏఐఎఫ్‌లు పెట్టుబడి పెట్టే తీరును బట్టి మూడు కేటగిరీలు. ఒకే కంపెనీలో కేటగిరీ 1, 2 ఫండ్‌లు తమ పెట్టుబడి డబ్బులో 25 శాతం దాటి పెట్టకూడదు, కేటగిరీ 3కి ఆ హద్దు 10 శాతం. వీటిని గోడకు అంటించుకుని చదవడం తప్ప దారి లేదు.

ఫండ్‌ను మొదలుపెట్టే స్పాన్సర్ తన సొంత డబ్బు కొంత పెట్టాలనే నియమానికి మాత్రం నాకో సులువు దొరికింది. కేటగిరీ 1, 2లో కార్పస్‌లో (ఫండ్‌కు ఇన్వెస్టర్లు ఇస్తామన్న మొత్తం డబ్బులో) రెండున్నర శాతం లేదా 5 కోట్లు, ఏది తక్కువైతే అది. కేటగిరీ 3లో రెండూ రెట్టింపు, 5 శాతం లేదా 10 కోట్లు. రెండింట్లోనూ ఆ రెండు అంకెలు సమానమయ్యేది 200 కోట్ల కార్పస్ దగ్గరే. కాబట్టి ప్రశ్నలో కార్పస్ 200 కోట్ల లోపుంటే శాతం లెక్క, దాటితే కోట్ల లెక్క. 100 కోట్ల కేటగిరీ 2 ఫండ్ అయితే రెండున్నర కోట్లు, 400 కోట్లదైతే 5 కోట్లు. పరీక్ష హాల్లో దీనివల్ల చాలా టైమ్ కలిసొచ్చింది.

పనితీరు కొలతల మీద ఎక్కువసేపు ఉండక్కర్లేదు. ఫండ్ ఇన్వెస్టర్ల దగ్గర 100 తీసుకుని 60 తిరిగి ఇచ్చి, ఇంకా 80 విలువ చేసే పెట్టుబడులు ఉంటే డీపీఐ (తిరిగి ఇచ్చింది) 0.6, ఆర్‌వీపీఐ (ఇంకా మిగిలిన విలువ) 0.8, కలిపితే టీవీపీఐ (మొత్తం విలువ) 1.4. ఇలాంటివి నాలుగు వేస్తే చాలు. పన్నుల భాగం ఆడిట్ ఆఫీసులో పని చేసేవాళ్లకు కష్టం కాదు. మిగతావాళ్లు ఒక్కటి పట్టుకోండి. కేటగిరీ 1, 2లో వ్యాపార ఆదాయం తప్ప మిగతా ఆదాయంపై పన్ను నేరుగా ఇన్వెస్టర్ల దగ్గరికి పోతుంది. కేటగిరీ 3కి ఆ సౌకర్యం లేదు, ఫండే కట్టాలి. ఫండ్‌ల చరిత్ర, విదేశాల సంగతులు ఒకసారి చదివి వదిలేశాను.

నేను చెన్నై సెంటర్ పెట్టుకున్నాను. నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వెళ్లాను, దారంతా వేసింది ఈ వాటర్‌ఫాల్ లెక్కలే. పాన్ కార్డు మర్చిపోవద్దు.

అయితే వర్క్‌బుక్ ఒక్కటీ సరిపోతుందా? సరిపోతుంది, పెన్ను పట్టుకుని చదివితే. ఇంగ్లీషు బరువుగా ఉంటుంది, ఒక్కో వాక్యం రెండుసార్లు చదవాల్సి వస్తుంది. ఒంగోలులో గ్రానైట్ వ్యాపారంలో ఉన్నా, కందుకూరులో పొగాకు బ్యారన్ నడిపే ఇంట్లో పుట్టినా, పెట్టుబడికీ పనికీ వాటాలు పంచే లెక్క మీ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని తెచ్చి ఈ పేజీల పక్కన పెట్టుకోండి.

మీకో లెక్క ఇస్తాను. ఇన్వెస్టర్లు 2 కోట్లు పెట్టారు, మూడేళ్లకు 3 కోట్లు వచ్చాయి. హర్డిల్ 10 శాతం చక్రవడ్డీ, పూర్తి క్యాచప్, మేనేజర్ వాటా 20 శాతం. నాలుగు మెట్లూ దిగాక మేనేజర్ చేతికి సరిగ్గా 20 లక్షలు రావాలి. రాకపోతే మూడో మెట్టు దగ్గర ఇంకోసారి చూడండి.