ఆదిత్య-ఎల్1: ఆ పదిహేనేళ్లు ఎక్కడికి పోయాయి?

నమస్కారం. సూర్యుడిని పరిశీలించడానికి ఇస్రో పంపిన ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 మాట ఎత్తినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆలోచన పుట్టింది 2008 జనవరిలో. శ్రీహరికోట నుంచి ఎగిరింది 2023 సెప్టెంబరు 2న. ఒక్క ఉపగ్రహానికి పదిహేనేళ్లా? అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే అది ప్రజల సొమ్ము. రాకెట్ ఖర్చు కాకుండానే 378 కోట్ల పైచిలుకు మంజూరైంది. అందుకే ఈ వీడియోలో ఆ ఏళ్ల లెక్క చూద్దాం. రాకెట్ గురించి తక్కువగా, లోపలి పరికరాల గురించి ఎక్కువగా మాట్లాడతాను.

మొదట అనుకున్నది చాలా చిన్న ఉపగ్రహం. బరువు 400 కిలోల తరగతి, భూమికి 800 కిలోమీటర్ల ఎత్తులో కక్ష్య, అందులో ఒకే ఒక్క పరికరం: కరోనాగ్రాఫ్. సూర్యబింబాన్ని మరుగుపరిచి, దాని చుట్టూ ఉండే కరోనాను, అంటే సూర్యుడి బాహ్య వాతావరణాన్ని చూపించే దూరదర్శిని అది. మామూలుగా మనకు కరోనా కనిపించేది సంపూర్ణ సూర్యగ్రహణం నాడే, అదీ కొద్ది నిమిషాలు.

గ్రహణం కోసం శాస్త్రవేత్తలు ఎంత దూరమైనా వెళ్లేవారు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సన్ మన గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రని మంటల వర్ణపటంలో ఆనాడు కనిపించిన పసుపు గీత తర్వాతి కాలంలో హీలియం అని తేలింది. మర్నాడు, గ్రహణం విడిచాక కూడా, అదే గుంటూరులో జాన్సన్ తన వర్ణపటదర్శినితో ఆ మంటలను మళ్లీ చూడగలిగాడు. గ్రహణం లేకుండా సూర్యుడి అంచును చూడాలన్న తపనకు మన నేల మీద అంత పాత చరిత్ర ఉంది. గుంటూరు, మచిలీపట్నం పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అని నాకు తరచూ అనిపిస్తుంది.

సరే, ఆ చిన్న ఉపగ్రహం ఏమైంది? తర్వాతి ఏళ్లలో దాన్ని పూర్తిగా మార్చేశారు. 800 కిలోమీటర్ల ఎత్తు కాదు, భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఉపగ్రహం భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరగగలిగే ఎల్-1 బిందువు దగ్గరికి పంపాలన్నారు. అక్కడి నుంచి సూర్యుడు ఒక్క క్షణం కూడా భూమి చాటుకు పోడు. పైగా అది భూమి అయస్కాంత క్షేత్రం పరిధికి అవతల ఉన్న చోటు. సౌర పవనంలోని, అంటే సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే ప్రవాహంలోని కణాలను చూడటమే కాదు, పట్టుకొని కొలవవచ్చు. దాంతో ఒక పరికరం ఏడయింది. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తంలో అతి పెద్ద నిర్ణయం ఇదే. ఆలస్యంలో పెద్ద భాగం కూడా దీని నుంచే వచ్చింది. ఆ తర్వాత కోవిడ్ తన వంతు కాలాన్ని తినేసింది.

ఏడు పరికరాలంటే ఏడు బృందాలు. కరోనాగ్రాఫ్, పేరు వెల్క్, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ బాధ్యత. అతినీలలోహిత కాంతిలో సూర్యుడిని ఫొటో తీసే సూట్ పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా వారిది. కణాలను కొలిచే యాస్పెక్స్ అహ్మదాబాద్‌లో, పాపా తిరువనంతపురంలో తయారయ్యాయి. ఎక్స్-కిరణాల పరికరాలు సోలెక్స్, హెలియోస్ రెండూ, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్ బెంగళూరులోని ఇస్రో కేంద్రాల్లో తయారయ్యాయి. వీటన్నిటినీ ఒక్క ఉపగ్రహంలో ఇమిడ్చే బాధ్యత ప్రాజెక్టు డైరెక్టర్ నిగర్ షాజీది. తమిళనాడులోని సెంగోట్టైలో పుట్టిన ఆమె 1987లో ఇస్రోలో చేరినప్పుడు మొదట పనిచేసింది శ్రీహరికోటలోనే.

ఇమిడ్చడం అనే మాట తేలిగ్గా వచ్చేసింది గానీ, అసలు పని అక్కడే ఉంది. వెల్క్ ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూస్తే మీకే తెలుస్తుంది. తెర మీద బొమ్మ చూడండి. సూర్యకాంతి ముందుగా మొదటి అద్దం మీద పడుతుంది, అక్కడి నుంచి రెండో అద్దానికి వెళుతుంది. ఆ రెండో అద్దం నడిమధ్యలో ఒక రంధ్రం ఉంది. సూర్యబింబపు ప్రతిబింబం సరిగ్గా ఆ రంధ్రంలోంచి అవతలికి పోతుంది. అక్కడున్న మూడో అద్దం దాన్ని పరికరం బయటికి పంపేస్తుంది. రంధ్రం చుట్టూ పడిన మసక కాంతి మాత్రమే ముందుకు సాగుతుంది. అదే కరోనా. ఈ పద్ధతి వల్ల సూర్య కేంద్రం నుంచి వ్యాసార్థానికి 1.05 రెట్ల దూరం వరకూ, అంటే దాదాపు బింబం అంచు దాకా చూడవచ్చు. అమెరికా, ఐరోపా కలిసి 1995లో పంపిన సోహోలో ఇప్పటికీ పనిచేస్తున్న కరోనాగ్రాఫ్‌లకు కనిపించేది సుమారు రెండు రెట్ల దూరం నుంచే.

ఇందులో చిక్కు గమనించారా? బింబాన్ని వదిలించుకునేది రెండో అద్దం దగ్గర. అంటే మొదటి అద్దం సూర్యుడి పూర్తి కాంతిని భరించాలి. కరోనా వెలుగు బింబం వెలుగులో పది లక్షల వంతు. మొదటి అద్దం మీద ఒక్క ధూళి రేణువున్నా, నునుపులో రవంత లోపమున్నా, అక్కడ చెదిరిన కాంతే కరోనాను ముంచేస్తుంది. అందుకే బెంగళూరు శివార్లలోని హోస్కోటె దగ్గర, భారత ఖగోళ భౌతిక సంస్థ వారి క్రెస్ట్ ప్రాంగణంలో, వెల్క్‌ను క్లాస్ 10 క్లీన్ రూమ్‌లో బిగించారు. ఒక ఘనపు అడుగు గాలిలో అర మైక్రాన్, అంతకు మించిన రేణువులు పదికి మించకూడదని ఆ పేరుకు అర్థం. మనం పీల్చే నగరపు గాలిలో అవి లక్షల్లో ఉంటాయి. లోపలికి వెళ్లేవారు ఒళ్లంతా కప్పుకోవాలి, సెంటు పూసుకోకూడదు. ఆ ఆవిరి కూడా అద్దాల మీద, సెన్సార్ల మీద పొరగా చేరుతుంది. ఒక్క స్క్రూ బిగించడానికి కూడా ఇంత తతంగం. ఇలాంటి చోట రోజులు నెలలవుతాయి, నెలలు ఏళ్లవుతాయి. ఆ పని చేతికి వచ్చాక తొందరపెట్టేవాడు ప్రాజెక్టుకు శత్రువే.

190 కిలోల వెల్క్‌ను ఇస్రోకు అప్పగించింది 2023 జనవరి 26న. అక్కడి నుంచి ప్రయోగానికి మిగిలింది ఏడు నెలలు. పరికరాలన్నిటినీ ఉపగ్రహానికి అమర్చాలి, ప్రయోగంలో వచ్చే కుదుపులకు తట్టుకుంటాయో లేదో చూడాలి, శూన్యంలో వేడికీ చలికీ పరీక్షించాలి. ఇక్కడ పరికరాల మధ్య తగవు మొదలవుతుంది. సూర్యబింబం ఆ రంధ్రం మధ్య నుంచి పక్కకు జరగకూడదు కాబట్టి ఉపగ్రహం మొత్తం కదలకుండా సూర్యుడినే చూడాలంటుంది వెల్క్. భూమికి సమాచారం పంపే యాంటెన్నా మాత్రం భూమి వైపు తిరగాలి. వెల్క్ నిమిషానికి ఒకటి చొప్పున రోజుకు 1440 చిత్రాలు తీసేలా తయారైంది. అంత దూరం నుంచి అంత సమాచారం దించడం తేలిక కాదు. అందుకే సూర్యుడి నుంచి ద్రవ్యరాశి విస్ఫోటనం జరిగినప్పుడు ఉపగ్రహమే దాన్ని గుర్తుపట్టి, పనికొచ్చే చిత్రాలను ఎంచుకునే విధానాన్ని ముందే తయారు చేశారు.

మాగ్ ఇబ్బంది మరో రకం. అంతరిక్షంలోని అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని అది కొలవాలి. ఉపగ్రహంలోని విద్యుత్ తీగలకూ మోటార్లకూ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. సెన్సార్‌ను ఉపగ్రహం పక్కనే పెడితే ఉపగ్రహాన్నే కొలుస్తుంది. కాబట్టి ఆరు మీటర్ల పొడవైన చెయ్యి ఒకటి మడతపెట్టి పంపారు. మూడు మీటర్ల దగ్గర ఒక సెన్సార్, చివర ఇంకొకటి. రెండింటి కొలతల్లో తేడా చూస్తే ఉపగ్రహం వాటా ఎంతో తెలుస్తుంది. 2024 జనవరి 11న, నెలల తరబడి ముడుచుకుని ఉన్న ఆ చెయ్యి విచ్చుకోవడానికి పట్టింది సుమారు తొమ్మిది సెకన్లు. తెరుచుకోకపోతే వెళ్లి సరిచేసేవారెవరూ లేరు. ఆ తొమ్మిది సెకన్ల కోసం నేల మీద ఎన్ని పరీక్షలు జరిగి ఉంటాయో ఊహించండి. ప్రయోగం రోజు కౌంట్‌డౌన్‌ను గంటల తరబడి చూపించే మన టీవీలు ఇలాంటి రోజును ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. పీఎస్ఎల్‌వీ-సీ57 రాకెట్ ఉపగ్రహాన్ని వదలడానికి గంటకు పైగా తీసుకుంది. నాలుగుసార్లు కక్ష్య పెంచి, సెప్టెంబరు 19న ఎల్-1 దారి పట్టించారు. 2024 జనవరి 6న ఎల్-1 చుట్టూ తిరిగే హాలో కక్ష్యలో చేరింది. ఒక్కో చుట్టు సుమారు 178 రోజులు.

ఆ పదిహేనేళ్లకు దక్కినదేమిటి? ఎల్-1కు చేరకముందే, 2023 అక్టోబరు 29న, హెలియోస్ పరికరం ఒక సౌరజ్వాలను, అంటే సూర్యుడి మీద హఠాత్తుగా ఎగసే శక్తి విస్ఫోటనాన్ని నమోదు చేసింది. 2024 ఫిబ్రవరి 22న అతి తీవ్రమైన ఎక్స్ తరగతికి చెందిన ఎక్స్6.3 స్థాయి జ్వాల లేచినప్పుడు సూట్ దాన్ని అతినీలలోహిత కాంతిలో పట్టుకుంది. అదే ఏడాది మే నెలలో భారీ సౌర తుపాను వచ్చింది. లదాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది గుర్తుందా, అప్పుడు ఎల్-1 దగ్గర ఆ కణాల జోరును, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు మనవి అక్కడున్నాయి. మొదటి ఆలోచన ప్రకారం 800 కిలోమీటర్ల ఎత్తులోనే ఉండి ఉంటే ఆ కొలతలు మనకు దక్కేవి కావు. ఆలస్యం అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇంకో మాట. 2024 డిసెంబరు 5న శ్రీహరికోట నుంచే ఐరోపా వారి ప్రోబా-3 కూడా వెళ్లింది. రెండు ఉపగ్రహాలు 150 మీటర్ల ఎడంతో నిలబడి, ఒకటి సూర్యుడికి అడ్డుగా ఉంటే ఇంకొకటి ఆ నీడలోంచి కరోనాను చూస్తుంది. వెల్క్‌ది ఒక దారి, దీనిది మరో దారి. రెండూ కలిపి చదవాల్సినవి.

భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులు ఈ వీడియో చూస్తుంటే ఒక పని చేయండి. 2025 జనవరి 6న ఆదిత్య సమాచారాన్ని ఇస్రో అందరికీ విడుదల చేసింది. ప్రదాన్ అనే పోర్టల్‌లో ఖాతా తెరిస్తే ఉచితంగా తెచ్చుకోవచ్చు. సోలెక్స్ ఎక్స్-కిరణాల గ్రాఫులతో మొదలుపెట్టండి, అవి మామూలు ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటాయి. ఒక పెద్ద జ్వాల రోజును ఎంచుకుని, అదే సమయానికి సూట్ ఏం చూసిందో పక్కన పెట్టి పోల్చండి. మీరు గీసిన గ్రాఫు నాకు పంపితే వచ్చే వీడియోలో దాని గురించే మాట్లాడదాం.