పిల్లర్ కదలదు, పైపు కదలదు: పాత ఫ్లాటులో వంటిల్లు మార్చడం

నమస్తే అండి. ఇది చెన్నై కోడంబాక్కంలో మా వంటిల్లు. 1992లో కట్టిన ఫ్లాటు. పొడవు 8 అడుగులు, వెడల్పు 7. ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోంచే మాట్లాడాలి.

ఫోన్లో డిజైన్లు చూడకముందే ఒక సుద్దముక్క తీసుకుని, కదలని ప్రతిదాని మీదా ఇంటూ గుర్తు పెట్టండి. మా ఇంట్లో అవి మూడు: మూలనున్న ఈ పిల్లర్, తల మీది బీమ్, సింక్ కింద మురుగు పైపు. "పిల్లర్ ఒక్క అంగుళం చెక్కేద్దాం" అనే మేస్త్రి వస్తే టీ ఇచ్చి పంపించేయండి. లోపలి చువ్వలకు ఆ కాంక్రీటే కాపు. అది పోతే ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టడం ఖాయం. గోడ కూడా సన్నగా ఉంది కదా అని కొట్టించకండి. కొన్ని పాత ఇళ్లలో గోడలే బరువు మోస్తాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరే అన్నాకే సుత్తి.

ఇప్పుడు పైపు దగ్గరికి వద్దాం, అసలు తలనొప్పి ఇదే. సింక్ కిటికీ కిందికి రావాలని నా కోరిక. దూరం 7 అడుగులు. 40 అంగుళాలకు ఒక అంగుళం చొప్పున వాలు ఇవ్వాలంటే పైపు రెండు అంగుళాలకు పైనే కిందికి దిగాలి. నేల తవ్వలేం, అది కింది వాళ్ల కప్పు. పైపును అరల వెనకనుంచి తిప్పితే సొరుగులు పొట్టివైపోతాయి. పైగా వంపు వంపుకీ గంజి, జిడ్డు పేరుకుంటాయి. అందుకే కోరిక తగ్గించుకుని సింక్‌ను కిటికీ వైపు అడుగున్నర మాత్రం జరిపాను. వాలు అర అంగుళం సరిపోయింది. వెలుతురు కూడా వచ్చింది, కొంత.

గట్టు ఎత్తు మాత్రం మన చేతిలోనే ఉంది. పాతది 30 అంగుళాలు, కూరలు తరిగితే నడుం పట్టేసేది. మోచేయి మడిచి నిలబడి నేల నుంచి కొలవండి, అందులోంచి 4, 5 అంగుళాలు తీసేయండి. నాకు 34 వచ్చింది. అయితే స్టవ్ పెట్టే చోట అంత ఎత్తు వద్దు, స్టవ్‌కీ ఎత్తుంటుంది కదా. అక్కడ 31 ఉంచాను. గట్టు కింద సిలిండర్ పెడితే తలుపుకు అడుగున కన్నాలు పెట్టించండి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందే చేరుతుంది.

నా తప్పు కూడా చెప్పాలి. టైల్స్ వేయకముందే కార్పెంటర్‌తో కొలతలు తీయించాను. టైలు, దాని వెనక సిమెంటు కలిసి రెండు వైపులా చోటు తినేశాయి. చేసి తెచ్చిన సొరుగు లోపలికి దూరలేదు. దాన్ని విప్పి కోయించడానికి మళ్లీ కూలీ!

పిల్లర్ పక్కన 9 అంగుళాల సందు మిగిలింది. పాత అటక నుంచి తీసిన కడప బండలు పారేయకుండా అందులో అరలుగా బిగించాం. ఆవకాయ జాడీలకు అంత చోటు చాలు, చెద భయం కూడా లేదు.

గ్రైండర్‌కు, ఓవెన్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గులు ఇంకా వేయించాలి. రేపు ఆదివారం, అసోసియేషన్ వాళ్లు డ్రిల్లింగ్ చేయనివ్వరు. సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చాక ఆ వీడియో పెడతాను.