వగరులో ఏముంది? నేరేడు, రేగు పళ్ల సంగతి

[దృశ్యం: మోదుగాకు దొన్నెలో నేరేడు పళ్లు. పైన చిటికెడు ఉప్పు.]

ఒకటి నోట్లో వేసుకుంటున్నా. ముందు తీపి... కాస్త పులుపు... ఆఁ, వచ్చేసింది వగరు! నాలుక బరకగా అయిపోయింది.

ఈ వగరంతా పండులో ఉండే టానిన్లనే పదార్థాల పని. ఇవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. దాంతో జిగురు పోయి నోరు ఎండినట్టవుతుంది. విరేచనాలు పట్టుకుంటే వెనకటికి నేరేడు చెక్క కషాయం తాగించింది కూడా ఈ వగరు కోసమే.

[దృశ్యం: నాలుక క్లోజప్.]

ఇప్పుడు నాలుక చూడండి, ఊదా రంగు! ఆ రంగు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. బ్లూబెర్రీలను గొప్పగా చెప్పేదంతా వీటి వల్లే. అమెరికాలో 93,600 మంది మహిళలను 18 ఏళ్లు గమనించి, 2013లో ఒక అధ్యయనం అచ్చేశారు. ఆంథోసయనిన్లు బాగా అందినవాళ్లలో గుండెపోటు ముప్పు తక్కువగా కనిపించింది. కాకపోతే వాళ్లు తిన్నది బ్లూబెర్రీలు, స్ట్రాబెర్రీలు. మన నేరేడు కాదు. పైగా అది గమనించి చెప్పిన మాటే, అచ్చంగా రుజువు అనలేం.

మరి షుగరో? వాట్సాప్ నిండా నేరేడు గింజల పొడే! ఎలుకల మీద ప్రయోగాలు బోలెడు జరిగాయి, మనుషుల్లో మాత్రం గట్టి ఆధారం లేదు. పండు తినండి, మాత్ర మానకండి. పండులోనూ చక్కెర ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

[దృశ్యం: రేగుపండును గోటితో చీల్చడం.]

భోగినాడు పిల్లల నెత్తిన పోసే రేగుపళ్లు. సి విటమిన్‌లో నారింజకి తీసిపోవు. అయితే పచ్చిగా తింటేనే. ఎండలో పెట్టి వడియాలు చేస్తే సి విటమిన్ చాలావరకు పోతుంది, రుచి మిగులుతుంది. నాకైతే ఆ రుచి చాలు! తినే ముందు ఇలా చీల్చి చూసుకోండి... ఇదిగో, పురుగు. ఇది అవతల పారేద్దాం.

[దృశ్యం: గురివింద గింజలు, అద్దం సీసాలో.]

ఒక్క జాగ్రత్త. పొదల్లో కనిపించిందల్లా పండు కాదు. ఎర్రగా, నల్లచుక్కతో మెరిసే గురివింద గింజ విషం. పిల్లలు నమిలి మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కామంచి పళ్లు కూడా నల్లగా మాగినవే తినాలి, పచ్చివి వద్దు. ఊళ్లో తెలిసినవాళ్లు చూపించని కాయ జోలికి అసలు పోవద్దు.

[దృశ్యం: కెమెరా వెనక నుంచి ఒక చెయ్యి దొన్నెలోకి వస్తుంది.]

ఒరేయ్, షూటింగ్ అయ్యేదాకా ఆగరా! నాకు రెండే మిగిలాయి!