రక్తనాళం ఒట్టి గొట్టం కాదండి

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి పుస్తకాల తెలుగు జోలికి పోను, ఇంట్లో మాట్లాడుకున్నట్టే చెప్తాను, అర్థం కాకపోతే చెయ్యెత్తండి.

మా నాన్నగారికి ఛాతీ పట్టేసినప్పుడు నాలిక కింద చిన్న మాత్ర పెట్టుకునేవారు, కాసేపటికి మొహం తేరుకునేది. ఆ సార్బిట్రేట్ మీలోనూ కొందరి జేబుల్లో ఉండే ఉంటుంది. అది గుండెకి బలం మందు అనుకునేవాణ్ణి చాలా ఏళ్ళు. కాదు. మన రక్తనాళాల లోపలి పొర తనంతట తాను తయారు చేసుకునే ఒక గ్యాస్‌ని ఆ మాత్ర బయట్నుంచి అందిస్తుంది, దాంతో నాళాలు వదులై గుండెకి బరువు తగ్గుతుంది.

ఆ పొర పేరు ఎండోథీలియం. ఒక్క కణం మందం, అంతే. చాన్నాళ్ళు దాన్ని గొట్టం లోపల పూత లాగే చూశారు. అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఆయన కుందేలు బృహద్ధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, దాని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే ఒకసారి బిగుసుకుంటోంది, ఒకసారి వదులవుతోంది, ఎందుకో అంతు చిక్కలేదు. చూడగా చూడగా తేలిందేంటంటే ముక్క కోసేటప్పుడు లోపలి పొర రాసుకుని ఊడిపోతే అది వదులవ్వట్లేదు! అప్పుడాయన చేసిన పని నాకు మహా ఇష్టం, పొర ఊడిన ముక్కని పొర ఉన్న ముక్కకి ఆనించి పెట్టాడు, ఊడినదీ వదులైంది. అంటే పొర నుంచి ఏదో బయటికొచ్చి పక్క కండరానికి కబురు చెప్తోందన్నమాట. ఇది 1980లో. ఆ కబురు నైట్రిక్ ఆక్సైడ్ అని 1987కి తేలింది, బండ్ల పొగలో ఉండే గ్యాసే అది, ఫర్చ్‌గాట్, ఈ గ్యాస్ మీదే పని చేసిన ఇగ్నారో, మురాద్, ముగ్గురికీ 1998లో నోబెల్ ఇచ్చారు.

రక్తం జోరుగా పారుతూ పొరని రాసుకుంటే అది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఈ గ్యాస్ చేస్తుంది, కొన్ని సెకన్లే బతుకుతుంది, ఆ లోపే కండరం వదులై దారి వెడల్పవుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోస్టాసైక్లిన్ కూడా ఈ పొరే వదుల్తుంది. ఇదే పొర బిగించే ఎండోథీలిన్ని కూడా చేస్తుంది, అది 1988లో జపాన్ వాళ్ళు కనిపెట్టారు, దాని పట్టు చాలాసేపు ఉంటుంది. గుండె గదుల లోపలా ఇలాంటి పొరే ఉంది, గుండె కండరం ఎలా ముడుచుకోవాలి, ఎలా వదులవ్వాలి అన్నదాంట్లో దానికీ చెయ్యుంది.

చుట్ట పొగ, బీపీ, షుగర్ ముందు దెబ్బ కొట్టేది ఈ పొరనే. అమ్మలూ, మీలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగేవాళ్ళున్నారు, నోటి క్యాన్సర్ సంగతి అందరూ చెప్తారు, ఈ పొర సంగతి ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెప్తున్నాను, మానెయ్యండి. పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డున నడవండి, నడిస్తే రక్తం పారే జోరు పెరుగుతుంది, పొర పని చేస్తుంది. పాలకూరలో నైట్రేట్ కూడా ఒంట్లో కొంత ఈ గ్యాస్ గానే మారుతుంది, అలాగని మందులు ఆపకండి.

ఒక్క మాట. ఆ సార్బిట్రేట్ మాత్ర పెట్టుకునేటప్పుడు కూర్చోండి, నాళాలు ఒక్కసారి వదులై కళ్ళు తిరుగుతాయి, నించుంటే పడిపోతారు. వయాగ్రా వాడేవాళ్ళు సిగ్గుపడకుండా డాక్టర్‌తో చెప్పండి, రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. మాత్ర వేసుకున్నా ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గలేదంటే ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.