పాత లైట్ వీల్స్ కొంటున్నారా? ముందుగా టైరు విప్పించండి

(ఇంటి వరండా. గచ్చు మీద రెండు జతల చక్రాలు. వెనక సైకిల్ తిరగేసి పెట్టి ఉంది. దూరంగా కొబ్బరాకుల చప్పుడు.)

లైట్ వీల్స్ అంటే బరువు తక్కువుండే సైకిల్ చక్రాలు. వాటిల్లో ఈ వెనక చక్రాన్ని తిప్పుతున్నాను, చూడండి. ఎక్కడా ఊగడం లేదు. గరగర లేదు. ముందుదీ వెనకదీ కలిపి తూకం వేస్తే కిలోన్నర. నెట్‌లో ఫోటోలు చూసి, పాతవే అయినా తొమ్మిది వేలిచ్చి తెచ్చుకున్నాను. మూడో వారం కళింగపట్నం బీచ్ దాకా వెళ్లి శ్రీకాకుళం తిరిగొస్తుంటే, గార దాటాక టపాకాయ పేలినట్టు పేలింది.

ట్యూబు పోయిందనుకున్నాను. కాదు. ఇటు తిప్పుతాను, ఇదీ అసలు సంగతి.

(క్లోజప్: రిమ్ము అంచు. మూరెడు పొడవున అల్యూమినియం రేకులా విడిపోయి పైకి లేచి ఉంది.)

రిమ్ము గోడ చీలిపోయింది. గోడ చీలాక టైరు బయటికొచ్చింది, ఆ తర్వాతే ట్యూబు పేలింది. ఇది ముందు చక్రం అయ్యుంటే ఈ వీడియో చేసేవాణ్ణి కాదు. సైకిల్‌ని ఆటో మీద కట్టించుకుని ఇంటికొచ్చాను.

చక్రం వంకర లేకుండా తిరుగుతోందంటే మంచి చక్రమనే మనం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. వంకర అంటారా, యాభై రూపాయలిస్తే ఏ సైకిల్ షాపులోనైనా బెండ్ తీసిపెడతారు. అరిగిపోయిన రిమ్మును మాత్రం ఎవరూ మళ్లీ మందం చేయలేరు. రిమ్ము బ్రేకులున్న సైకిల్లో రిమ్ము కూడా బ్రేకు రబ్బరులాగే అరిగే వస్తువు. బ్రేకు పట్టిన ప్రతిసారీ రబ్బరుతో పాటు అది కూడా కొంచెం కొంచెం పోతుంది. వానలో తొక్కి ఇంటికొచ్చాక రిమ్ము తుడిస్తే గుడ్డకి నల్లటి బురద అంటుతుంది కదా, అందులో కొంత మన రిమ్మే. ఇక సముద్రం పక్క రోడ్లలో ఇసక రబ్బరులో ఇరుక్కుంటే, బ్రేకు పట్టిన ప్రతిసారీ గరుకు కాగితంతో రుద్దినట్టే. డిస్క్ బ్రేకు సైకిళ్లకి ఈ గొడవ లేదు. నేను చెప్పేదంతా రిమ్ము బ్రేకు చక్రాల గురించే.

పేలడానికి ముందు ఆ వారమంతా నాకు ఒక సూచన వచ్చింది, పట్టించుకోలేదు. వెనక బ్రేకు మెల్లగా పట్టినప్పుడు చక్రం ఒక్కో చుట్టుకీ ఒకసారి లివరు చేతిని టక్ మని తన్నేది. రిమ్ము అతుకు దగ్గర కొంచెం ఎత్తుందేమో అనుకున్నాను. నిజానికి గోడ అక్కడ పల్చబడి, లోపలి గాలి తోపుకి బయటికి ఉబ్బడం మొదలైంది. టైర్లో వంద పీఎస్ఐ కొట్టి ఉంచాం. ఆ ఒత్తిడి అంతా ఆ పల్చటి గోడల మీదే ఉంటుంది. మీ సైకిల్లో కొత్తగా ఇలా తన్నడం మొదలైతే ఆ రోజే గాలి తీసేసి చూడండి.

ఎలా చూడాలంటే, చాలా రిమ్ముల మీద బ్రేకు పట్టే చోట చిన్న గుంట గానీ సన్నటి గాడి గానీ ఉంటుంది. అది కనబడకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయినట్టు. గుర్తు లేని రిమ్ము అయితే పిల్లల స్టీలు స్కేలు తీసుకుని అంచుని బ్రేకు పట్టే చోట అడ్డంగా ఆనించండి. వెనక ఫోన్ టార్చి పెట్టండి. స్కేలు కింద నుంచి వెలుతురు నెలవంకలా కనిపిస్తే ఆ మేరకి అరిగిందన్నమాట.

నాకు బాగా నమ్మకమైంది మాత్రం ఇది.

(బల్ల మీద: వెర్నియర్ క్యాలిపర్, ఒక సైకిల్ బాల్.)

ఇది చక్రం మధ్యలో ఉండే హబ్బులో వేసే చిన్న బాల్, అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే 4.76 మిల్లీమీటర్లు. టైరు విప్పేసి ఈ బాల్‌ని గోడ లోపలి వైపు, బ్రేకు పట్టే చోటికి సరిగ్గా వెనక పెట్టాలి. క్యాలిపర్ ఒక దవడ బాల్ మీద, రెండోది బయట గోడ మీద. నేరుగా కొలిస్తే అంచు దగ్గరున్న కొక్కెం అడ్డొస్తుంది, అందుకే ఈ బాల్. వచ్చిన అంకెలోంచి 4.76 తీసేస్తే గోడ మందం. ఈ రెండో జత వెనక రిమ్ము చూద్దాం... 5.98. అంటే 1.22 మిల్లీమీటర్లు. ఇంకా బతుకుంది. ఇప్పుడు పేలినదాంట్లో చీలని చోట పెడతాను. 5.32. అంటే 0.56.

సగం మిల్లీమీటరు మీద నేను ఎనభై కిలోమీటర్లు, ఎదురుగా లారీలొచ్చే రోడ్డులో తొక్కాను.

మిల్లీమీటరు కంటే తగ్గిన రిమ్ముని నేను కొనను. చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి, అరుగుడు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అమ్మేవాళ్లు టైరు విప్పనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక పుల్లల సంగతి, అదే స్పోకులు. పేలిన జత పట్టుకుని ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు తెలిసిన ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. జతలో ముందు చక్రాన్ని చేతిలోకి తీసుకుని పుల్లలు లెక్కపెట్టాడు.

"ఏటి బాబూ, పద్దెనిమిది పుల్లలేనా? మిగతావి ఎక్కడ పారేసినావు?"

"అంతే ఉంటాయి తాతా, లైట్ వీలు."

"లైటే. ఒకటి తెగితే ఇంటికెలా వస్తావు?"

ఆ ఒక్క ప్రశ్నలోనే సగం విషయం ఉంది. ముప్పై రెండు పుల్లల చక్రంలో ఒకటి తెగితే చక్రం కొంచెం ఒరుగుతుంది, బ్రేకు వదులు చేసుకుని ఇంటికి వచ్చేయొచ్చు. పద్దెనిమిదీ ఇరవై పుల్లల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము వెళ్లి ఫ్రేముకి రాసుకుంటుంది. కదలదు.

ఈ తక్కువ పుల్లల ఫ్యాషన్ బాగా పాకింది 1999లో ఫ్రెంచి కంపెనీ మావిక్ తెచ్చిన క్సీరియమ్ చక్రాలతో. నాది ఆ కంపెనీది కాదు లెండి. వాటిల్లో పుల్లలు కూడా అల్యూమినియమే, జిక్రల్ అని పేరు పెట్టారు, చూడ్డానికి బద్దల్లా ఉంటాయి. ఇవి బలహీనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మంచి గట్టి చక్రాలు. చిక్కంతా విడిభాగాల దగ్గరే. ఆ పుల్ల, దాన్ని రిమ్ముకి బిగించే నట్టు, అంటే నిపిల్, దాని పానా అన్నీ ఆ చక్రానివే, ఇంకోటి సరిపోదు. కొనే ముందు అదే మోడల్ పుల్లలు రెండో మూడో ఎక్కడైనా దొరుకుతాయేమో వెతుక్కోండి. అమ్మేవాళ్ల దగ్గరే స్పేర్ పుల్లలుంటే వాటికి నాలుగు వందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. అన్నట్టు ఆ కాలం మావిక్ ఫ్రీహబ్, అంటే వెనక హబ్బులో గేర్లు ఎక్కే భాగం, దాని లోపల ప్లాస్టిక్ బుష్ ఒకటి ఉంటుంది. నూనె ఎండితే, స్పీడులో పెడల్ ఆపగానే కీచుమని అరుస్తుంది. పల్చటి మినరల్ ఆయిల్ నాలుగు చుక్కలు చాలు. గ్రీజు మాత్రం పెట్టకండి, లోపలి కొక్కేలు అంటుకుపోతాయి.

పుల్లలు చూడ్డానికి కళ్లు కాదు, చెవులు కావాలి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన విజయనగరం మనకు పక్కనే ఉంది, శ్రుతి గురించి మనకి వేరే చెప్పాలా.

(వేలితో పుల్లలు మీటుతున్న శబ్దం. టింగ్, టింగ్, టింగ్, టొంగ్.)

విన్నారా? నాలుగోది. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్లలన్నీ ఒక శ్రుతిలో, అటు వైపువన్నీ దానికంటే కింది శ్రుతిలో ఉండాలి. గేర్ల పళ్ల చట్రానికి చోటివ్వాలి కాబట్టి కుడి పుల్లలు నిటారుగా నిలబడతాయి. అందుకే వాటికి టెన్షన్ ఎక్కువ, ఒక్కోదాని మీద వంద నుంచి నూటిరవై కిలోల లాగుడు. ఎడమవి దాదాపు అందులో సగం. ఒకే వైపు ఒక పుల్ల టింగ్ మని, పక్కది టొంగ్ మని పలికితే, ఎవరో వంగిన రిమ్ముని పుల్లలతో బలవంతంగా లాగి నిలబెట్టారని అర్థం. తిప్పితే నిటారుగానే తిరుగుతుంది. ఆర్నెల్లు తొక్కాక పుల్లలు తెగడం మొదలవుతుంది.

అదే కుడి వైపు రిమ్ములో పుల్ల దిగే రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూడండి. తలవెంట్రుక లాంటి గీత ఒక్కటి కనిపించినా ఆ రిమ్ము వద్దు.

మన సముద్రం గాలికి ప్రత్యేకం ఒకటుంది, నిపిల్స్. స్టీలు పుల్ల, అల్యూమినియం నిపిల్, మధ్యలో ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీ లాంటిదే, అల్యూమినియం తినేసుకుపోతుంది. నిపిల్ చుట్టూ సున్నం లాంటి తెల్లటి పొడి కనిపిస్తే అదే. పానా పెట్టి తిప్పారంటే తల విరిగి చేతికొస్తుంది. రంగు వేసిన నిపిల్స్ అన్నీ అల్యూమినియమే అనుకోండి. ఇత్తడిది ఒక్కోటి గ్రాము, అల్యూమినియంది అందులో మూడో వంతు. అరవై నాలుగింటికి కలిపి నలభై గ్రాముల చిల్లర మిగులుతుంది. ఆ నలభై గ్రాముల కోసం భావనపాడు, బారువ పక్క ఉండేవాళ్లు అల్యూమినియం నిపిల్స్ పెట్టుకోవడం నాకైతే అర్థం కాదు.

బరువు మాటొచ్చింది కాబట్టి లెక్క చేద్దాం. మీరు డెబ్బై కిలోలు, సైకిల్ పది కిలోలు. చక్రాల్లో మూడు వందల గ్రాములు తగ్గించారు. ఎనభై కిలోల్లో అది 0.4 శాతం కూడా కాదు. ఎస్.కోట నుంచి అరకు ఘాటు గంటసేపు ఎక్కితే పది, పదిహేను సెకన్లు. శ్రీకాకుళం, రణస్థలం మధ్య సమతలం మీద ఏమీ తెలియదు. సిగ్నల్ దగ్గర ఎత్తుకునేటప్పుడు కాస్త హుషారుగా అనిపిస్తుంది, అది నిజమే, నాకూ ఇష్టమే. ఆ హుషారుకి ఎంతివ్వాలో మీరే చూసుకోండి.

ఘాటు దిగే అలవాటుంటే పాత కార్బన్ రిమ్ములకి ఇంకా దూరంగా ఉండండి. అదే పనిగా బ్రేకు పడితే వేడికి వాటి జిగురు మెత్తబడుతుంది. లోపల ఎంత దెబ్బతిందో పైకి కనబడదు, బాల్ పెట్టి కొలిచే లెక్క వీటికి పనికిరాదు. టైరుని రిమ్ముకి జిగురుతో అతికించే ట్యూబులర్ రకం కూడా వద్దు, మన పంక్చర్ షాపుల్లో ఎవరూ ముట్టుకోరు.

హబ్బులు తేలిక. షిమానో పాత హబ్బులైతే వెనక ఒక్కో వైపు తొమ్మిదేసి పావు అంగుళం బాల్సు, ఏ షాపులోనైనా ఉంటాయి. బాల్సుని ఇరుసు వైపు నుంచి నొక్కిపట్టే కోన్ అరిగితే మార్చుకోవచ్చు. బాల్సు కూర్చునే కప్పులో గుంటలు పడితే మాత్రం హబ్బు పోయినట్టే, విప్పి వేలితో తడిమి చూడండి. సీల్డ్ బేరింగులైతే మూత మీద 6001, 6901 అని నంబరు ఉంటుంది. 6001 మోటారు వైండింగ్ చేసే చోట కూడా దొరుకుతుంది.

మీ సైకిల్‌కి పడుతుందో లేదో చూసుకోవడం మర్చిపోకండి. వెనక ఫోర్క్ మధ్య దూరం ఆరు, ఏడు గేర్ల పాత సైకిళ్లలో 126 మిల్లీమీటర్లు, తర్వాతవాటిలో 130. పదకొండు గేర్ల రోడ్ క్యాసెట్‌కి, అంటే ఆ గేర్ల పళ్ల చట్రానికి, హబ్బులో అది ఎక్కే భాగం 1.85 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండాలి, పాతవాటి మీద చాలాసార్లు పట్టదు. టైరు కోసం షాపుకెళ్లి ఇరవై ఎనిమిది సైజు అని అడక్కండి. మన మామూలు సైకిల్ ఇరవై ఎనిమిది వేరు, టైరు కూర్చునే చోట దాని రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఈ చక్రాల సైజు 700సి, అక్కడ వ్యాసం 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాతో ఎక్కిన టైరు ఎక్కినట్టే ఊడిపోతుంది.

(రెండో జత కెమెరా ముందుకి.)

ఇప్పుడు ధర. ఇది మావిక్ ఓపెన్ ప్రో రిమ్ము, ముప్పై రెండు పుల్లలు, షిమానో హబ్బు. ఏడు వేలు చెప్పారు. నేను చూసేది ఒక్కటే, రేపు రిమ్ము పోతే చేతిలో ఏం మిగులుతుంది? దీంట్లో హబ్బులు మిగులుతాయి, వేరే ముప్పై రెండు రంధ్రాల రిమ్ము కొని తాత చేత అల్లించుకుంటాను. కాబట్టి హబ్బులకి పూర్తి ధర కట్టాను, రిమ్ములకి మిగిలిన ఆయుష్షు మేరకే కట్టాను, పుల్లలకి పెద్దగా కట్టలేదు. నాలుగు వేల ఐదు వందల దగ్గర తెగింది. పేలిన జతలో ఏం మిగిలింది? ఆ హబ్బుకి సరిపడే ఇరవై రంధ్రాల రిమ్ము ఎంత వెతికినా దొరకలేదు. తొమ్మిది వేలకి నాకు మిగిలింది ఒక ముందు చక్రం, చక్రాన్ని చేత్తోనే బిగించి విప్పే క్విక్ రిలీజ్‌లు రెండు.

మొన్న ఇంకో జత కనిపించింది, విజయనగరంలోనే. కిలో నాలుగు వందల గ్రాములట, ఫోటోల్లో అద్దంలా మెరుస్తున్నాయి. ఎనిమిది వేలు. టైరు విప్పి లోపల కొలుచుకోనిస్తారా అని మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులైంది. చూసినట్టు రెండు నీలం టిక్కులైతే పడ్డాయి.